సముద్రం మీద చట్టం ఎవరిది? మీ ప్రశ్నలు, మా లాయరు గారి జవాబులు

విశాఖ ఆర్కే బీచ్‌లో చనిపోయిన తాబేళ్ల ఫొటో పోయిన సంచికలో వేశాక ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలానే వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ జవాబు కుదరదు కాబట్టి కొన్ని తీసుకున్నాం. ఒకే సందేహం ముగ్గురు నలుగురు అడిగిన చోట కలిపేశాం.

ప్రశ్న: సార్, నేను పెదవాల్తేరులో ఉంటాను, రోజూ పొద్దున్నే బీచ్‌లో నడక. జనవరి ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, చచ్చిన తాబేళ్లు ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి, చూడలేం. మా పక్కింటాయన ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చేసి రిటైరయ్యారు. ఈ తాబేళ్ల వల్లే అమెరికా మన రొయ్యలు ఆపేసింది అంటారాయన. తాబేలు మన సముద్రంలో చస్తే అమెరికాకి ఏంటి సంబంధం? అలా ఆపే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పెదవాల్తేరు

జవాబు: మీ పక్కింటాయన చెప్పింది సగం కరెక్టండి. ఆపింది సముద్రంలో వలేసి పట్టే రొయ్యల్ని, చెరువుల్లో పెంచే వనామీని కాదు. మన పోర్టు నుంచి కంటైనర్లలో పోయే రొయ్యలో ఎక్కువ భాగం గోదావరి జిల్లాల చెరువులదే, అందుకని వ్యాపారం మొత్తం ఆగిపోలేదు గానీ ఫిషింగ్ హార్బర్‌లో దిగే సముద్రపు రొయ్యకి మాత్రం 2019 నుంచి ఆ మార్కెట్ పోయింది.

ముందు తాబేలు ఎందుకు చస్తోందో చూద్దాం, ఎందుకంటే అది తెలిస్తే చట్టం సంగతి సగం అర్థమైపోతుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీకి చేపల్లా మొప్పలుండవు, ఊపిరితిత్తులే, గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. ట్రాలర్ వల సముద్రం అడుగున రెండు మూడు గంటలు ఈడ్చుకుంటూ పోతుంది, అందులో ఇరుక్కున్న తాబేలు పైకి రాలేక నీళ్లలోనే ఊపిరాడక పోతుంది, వల ఎత్తాక చచ్చిందాన్ని బోటు వాళ్లు మళ్లీ నీళ్లలో పడేస్తారు, మర్నాడో ఆ మర్నాడో అది మీ వాకింగ్ దారిలోకి వస్తుంది. దీనికి మందు టెడ్ అనే పరికరం. చూడ్డానికి పెద్దగా ఏం ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఇనప ఫ్రేము, దానికి నిలువుగా కడ్డీలు. వల మెడ దగ్గర, చివరి సంచికి ముందు, ఏటవాలుగా కుట్టేస్తారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు కడ్డీలకి తగిలి జారి, పక్కనే కోసి పెట్టిన కిటికీలోంచి బయటపడుతుంది. అంతే. బోటు వాళ్ల కంప్లైంట్ ఏంటంటే ఆ కిటికీలోంచి తాబేలుతో పాటు పెద్ద సొరలు, రేటు పలికే పెద్ద చేపలు కూడా పోతాయని. అందులో నిజం లేకపోలేదు. కొచ్చిలో ఉన్న సిఫ్ట్, అంటే కేంద్ర ఫిషరీస్ టెక్నాలజీ సంస్థ, విశాఖలో కూడా దానికి సెంటర్ ఉంది, ఆ నష్టం తగ్గేలా మన బోట్లకి సరిపడే డిజైన్ ఒకటి చేసింది.

ఇప్పుడు అమెరికా సంగతి. వాళ్లు 1989లో ఒక చట్టం చేసుకున్నారు, టెడ్ లేని వలలతో పట్టిన రొయ్య మా దేశంలోకి రాకూడదని. మొదట్లో చుట్టుపక్కల కరీబియన్ దేశాలకే పెట్టారు, 1996 నుంచి ప్రపంచం మొత్తానికి పెట్టేశారు. ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ నాలుగూ కలిసి డబ్ల్యూటీవోలో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థలో, కేసు వేశాయి (ఇండియా, పాకిస్తాన్ ఒకే పక్క నిలబడి వాదించడం ఎప్పుడో గానీ జరగదు, రొయ్య కలిపింది). మన వాదన అచ్చం మీరడిగిందే, మా సముద్రం మా తాబేలు, మధ్యలో నువ్వెవరు అని.

1998 అక్టోబర్‌లో అప్పీలు తీర్పు వచ్చింది. మన పేపర్లన్నీ ఇండియా గెలిచింది అనే రాసుంటాయి, గెలిచాం కూడా, కానీ ఎందుకు గెలిచాం అన్నదే అసలు పాయింటు. జీవరాశిని కాపాడ్డానికి దిగుమతి ఆపే నిబంధన పెట్టుకోవచ్చు, అందులో తప్పు లేదు అంది తీర్పు. సముద్రపు తాబేళ్లు ఏడు జాతులూ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉన్నాయి, అంటే అంతరించే ప్రమాదం ఉందని ప్రపంచమే ఒప్పుకుంది, పైగా తాబేళ్లు దేశాల సముద్రాలు దాటి తిరిగేవి, కాబట్టి అమెరికాకి సంబంధం లేదని అనలేం అంది. మరి అమెరికా ఎక్కడ ఓడిందంటే పక్షపాతం దగ్గర. కరీబియన్ దేశాలకి టెడ్ పెట్టుకోవడానికి మూడేళ్లు టైమిచ్చి, ట్రైనింగిచ్చి, కూర్చోబెట్టి మాట్లాడి, మన నాలుగు దేశాలకి మాత్రం నాలుగు నెలలే ఇచ్చింది. అది తప్పు, పద్ధతి మార్చుకో అంది. అమెరికా పద్ధతి మార్చుకుంది, చట్టం మాత్రం అలాగే ఉంచుకుంది. తర్వాత మలేసియా మళ్లీ కేసు వేస్తే 2001లో అమెరికాదే కరెక్ట్ అన్నారు. 2019లో మన సముద్రపు రొయ్య ఆగింది ఈ చట్టం కిందే.

నన్నడిగితే ఇందులో పెద్దన్న పెత్తనం ఉంది, లేదని అనను. కానీ ఒక్కటి ఆలోచించండి, ఆలివ్ రిడ్లీని చంపడం మన వన్యప్రాణి చట్టం ప్రకారం షెడ్యూల్ 1 (అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితా) నేరం. ఆ చట్టం 1972 నాటిది. అన్నేళ్లలో టెడ్ గురించి రేవుల్లో గట్టిగా మాట్లాడింది ఎప్పుడంటే రొయ్య రేటు పోతుంది అన్నప్పుడే. పుస్తకంలో సెక్షన్ చెయ్యలేని పని కొనేవాడు ఆర్డరు ఆపితే అయింది, నాకు అది నచ్చదు గానీ నిజం.

ఇంకో విషయం, చాలామంది వేట నిషేధం ఉంది కదా, తాబేళ్లకి అది చాలదా అని రాశారు. చాలదండి. మన తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. తాబేళ్లు వచ్చేది డిసెంబర్ నుంచి మార్చి, అప్పుడు బోట్లన్నీ వేటలోనే ఉంటాయి. రాష్ట్ర మెరైన్ ఫిషింగ్ చట్టం 1994 ప్రకారం మరబోట్లు ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపు రాకూడదు, అక్కడ తెప్పలు, చిన్న పడవల వాళ్లదే వేట. ఈ ఒక్క రూలు గట్టిగా అమలు చేస్తే గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గర తచ్చాడే తాబేళ్లకీ లాభం, తెప్పల వాళ్లకీ లాభం. అటవీ శాఖ వాళ్లు బీచ్‌లో హేచరీలు పెట్టి గుడ్లు కాపాడుతున్నారు, మంచిదే, పిల్లల్ని సముద్రంలో వదిలే ఫొటోలు కూడా బాగుంటాయి, కానీ తల్లి వలలో పోతుంటే పిల్లల్ని లెక్కపెట్టి ఏం లాభం?

ప్రశ్న: సర్, హై సీస్ ట్రీటీ అమల్లోకి వచ్చింది అని న్యూస్‌లో చూశాను, మా క్లాసులో అందరూ ఇక సముద్రాలు సేఫ్ అంటున్నారు. అసలు హై సీస్ అంటే ఎక్కడ మొదలవుతుంది, మన వైజాగ్‌కి దాంతో పని ఏంటి, ఆ ట్రీటీ నిజంగా ఏమైనా చెయ్యగలదా?
- డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: సముద్ర చట్టాలకి తల్లి లాంటి ఒప్పందం 1982లో అయింది, 1994 నవంబర్‌లో అమల్లోకొచ్చింది, ఇండియా 1995లో చేరింది. అమెరికా ఇప్పటికీ చేరలేదు, పై జవాబు చదివాక ఇది కూడా గుర్తుంచుకోమ్మా. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, మన నేలతో సమానం. 200 నాటికల్ మైళ్ల దాకా, అంటే దాదాపు 370 కిలోమీటర్లు, అక్కడి చేప మీద, అడుగునున్న గ్యాస్ మీద హక్కు మనది, కానీ ఓడలు ఎవరివైనా తిరగొచ్చు. అది దాటితే హై సీస్. ప్రపంచ సముద్రంలో మూడింట రెండు వంతులు అదే, ఎవరిదీ కాదు.

ఎవరిదీ కాని చోట ఓడ మీద చట్టం ఎవరిదంటే, ఆ ఓడ ఏ దేశం జెండా కట్టిందో ఆ దేశానిది. ఇక్కడే ఉంది కిటుకంతా. జెండా డబ్బు కట్టి తీసుకోవచ్చు. ఓనరు ఒక దేశం, సిబ్బంది ఇంకో దేశం, జెండా పనామాదో లైబీరియాదో. సముద్రమే లేని మంగోలియా కూడా ఓడలకి రిజిస్ట్రేషన్ ఇస్తుంది, జోక్ కాదు. అలాంటి దేశాలన్నీ తమ ఓడల మీద కన్నేసి ఉంచుతాయని ఆశపడటం ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

థండర్ అనే ఓడ కథ చెప్తాను, నీకు నచ్చుతుంది. అంటార్కిటికా దగ్గర టూత్‌ఫిష్ అని చాలా ఖరీదైన చేప ఉంది, దాన్ని ఏళ్ల తరబడి దొంగతనంగా పట్టేది ఈ ఓడ, ఇంటర్‌పోల్ నోటీసు కూడా ఉంది దాని మీద. 2014 డిసెంబర్‌లో సీ షెపర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ ఓడ దాన్ని చూసి వెంటపడింది. వాళ్లు పోలీసులు కాదు, అరెస్టు చేసే అధికారం లేదు, చెయ్యగలిగింది ఒక్కటే, వెనకాలే వెళ్లడం. 110 రోజులు వెళ్లారు. మధ్యలో నైజీరియా తన జెండా వెనక్కి తీసేసుకుంది, థండర్‌కి దేశం లేకుండా పోయింది. చివరికి 2015 ఏప్రిల్‌లో పశ్చిమ ఆఫ్రికా దగ్గర, సావ్ టోమే అనే చిన్న ద్వీప దేశం పక్కన ఆ ఓడ మునిగిపోయింది, సాక్ష్యాలు పోగొట్టడానికి వాళ్లే ముంచేసుకున్నారని అందరి అనుమానం. మునుగుతున్న వాళ్లని కాపాడింది ఎవరో తెలుసా, వెంటపడ్డ వాళ్లే. వాళ్లలో ఒకతను మునుగుతున్న ఓడెక్కి దొరికిన ఆధారాలు పట్టుకొచ్చాడు కూడా. సావ్ టోమే ఒడ్డున దిగాక అక్కడి కోర్టు కెప్టెన్‌నీ ఇద్దరు ఇంజినీర్లనీ జైల్లో పెట్టి కోటిన్నర యూరోల పైన జరిమానా వేసింది. అంత పెద్ద సముద్రంలో ఎవరూ ముట్టుకోలేని ఓడని, నేల మీద కాలు పెట్టగానే ఒక బుల్లి దేశం పట్టేసింది. అందుకే ఆ తర్వాత 2016లో అమల్లోకొచ్చిన రేవుల ఒప్పందం నాకు హై సీస్ ట్రీటీ కంటే ముఖ్యం అనిపిస్తుంది. దొంగ చేపతో వచ్చిన విదేశీ బోటుని రేవులోకి రానివ్వకపోవడం, వచ్చినా సరుకు దించనివ్వకపోవడం, అంతే దాని సారాంశం. చేప అమ్ముడుపోకపోతే పట్టడం ఎందుకు?

ఇక నువ్వడిగిన ట్రీటీ. 2023 జూన్ 19న ఆమోదించారు, 60 దేశాలు ధ్రువీకరించాక 2026 జనవరి 17 నుంచి అమలు. ఇండియా 2024 సెప్టెంబర్‌లో సంతకం పెట్టింది, సంతకం వేరు ధ్రువీకరణ వేరు, కట్టుబడేది రెండోది అయ్యాకే. ఇందులో నిజంగా కొత్తది ఏంటంటే, హై సీస్‌లో రక్షిత ప్రాంతాలు ప్రకటించొచ్చు, అందరూ ఒప్పుకోకపోతే నాలుగింట మూడొంతుల ఓట్లతో కూడా. ఇంతకుముందు ఒక్క దేశం అడ్డం తిరిగితే చర్చలు ఏళ్లకేళ్లు సాగేవి. హై సీస్‌లో పెద్ద పనులకి ముందు పర్యావరణ ప్రభావం లెక్క కట్టాలి. సముద్ర జీవుల జన్యువుల నుంచి మందులు తయారు చేసుకునే దేశాలు లాభంలో కొంత పంచాలి, ఇది మనలాంటి దేశాలు పట్టుబట్టి పెట్టించుకున్నది.

ఆ ట్రీటీ వల్ల కాని పనులేంటో కూడా చెప్పాలి కదా. ట్యూనా వేట లెక్కలు ఎప్పటిలాగే ప్రాంతీయ సంస్థల చేతిలోనే ఉంటాయి, మన హిందూ మహాసముద్రానికి అది సీషెల్స్‌లో ఉంది. సముద్రం అడుగున ఖనిజాల తవ్వకం జమైకాలో ఉన్న సీబెడ్ అథారిటీ చేతిలో ఉంటుంది, అక్కడ ఇండియాకి హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్లు అన్వేషణకి కేటాయించారు, అందుకని ఈ విషయంలో మనం మరీ చేతులు కడిగేసుకున్నట్టు మాట్లాడకూడదు. కొత్త ట్రీటీ వీటన్నిటి పక్కన కూర్చుంటుంది, వీటి మీద కూర్చోదు. వైజాగ్‌కి పని ఏంటి అన్నావు, మన లాంగ్‌లైనర్లు, అంటే పొడవాటి తాళ్లకి వరసగా గాలాలు కట్టి పట్టే బోట్లు, ట్యూనా కోసం ఎంత దూరం పోతున్నాయో హార్బర్‌కెళ్లి అడుగు, నీకు ప్రాజెక్ట్ టాపిక్ దొరుకుతుంది.

ప్రశ్న: బాబూ, మాది భీమిలి దగ్గర. మా ఇంటాయన ఇక్కడ వేట లేనప్పుడు గుజరాత్ బోట్ల మీదకి ఎల్తాడు. మా సుట్టాల ఊరోళ్లని పాకిస్తానోళ్లు పట్టుకెల్లినప్పుడు ఏడాది పైన జైల్లో ఎట్టేసారు. ఇటు బంగ్లాదేశోళ్లు కూడా పడతన్నారు. సముద్రంలో గీతలేటి కనపడతాయి బాబూ? చేపలు పట్టినందుకు జైలెట్టొచ్చా?
- ఒక మత్స్యకార మహిళ (కొడుకు చేత రాయించింది)

జవాబు: అమ్మా, నీ ప్రశ్నకి చట్టంలో సూటిగా జవాబుంది. ఇందాక చెప్పిన 1982 ఒప్పందంలో 73వ ఆర్టికల్. ఒక దేశం తన 200 మైళ్ల జోన్‌లో చేపల్ని కాపాడుకోవడానికి పరాయి బోటుని ఆపొచ్చు, వెతకొచ్చు, పట్టుకోవచ్చు. కానీ తగిన పూచీకత్తు కట్టగానే బోటునీ మనుషుల్నీ వెంటనే వదలాలి, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే వేట నేరానికి జైలు వెయ్యకూడదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ రెండూ ఆ ఒప్పందంలో ఉన్నాయి. మరి ఎందుకు జైల్లో పెడుతున్నారు అంటే, 12 మైళ్ల లోపలికి వచ్చారని, అనుమతి లేకుండా దేశంలోకి చొరబడ్డారని కేసు రాస్తారు. అప్పుడది వేట కేసు కాదు, ఈ రక్షణ పనిచెయ్యదు. గుజరాత్ దగ్గర సర్ క్రీక్ వైపు హద్దే ఇంకా తేలలేదు, గీతే లేనప్పుడు దాటావు అని ఎలా అంటారో నాకూ అర్థం కాదు. బంగ్లాదేశ్‌తో మాత్రం 2014 జూలైలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ హద్దు తేల్చేసింది, అక్కడ ఇప్పుడు తెలీదు అంటే కుదరదు.

మీరు చెప్పింది 2018 నవంబర్‌లో పట్టుబడ్డ మన ఉత్తరాంధ్ర వాళ్ల సంగతే అనుకుంటాను, వాళ్లలో ఎక్కువమంది 2020 జనవరిలో ఇంటికొచ్చారు. వాళ్లని విడిపించింది కోర్టు కాదు, ప్రభుత్వాల మధ్య మాటలు. అందుకే కాగితాలు ముఖ్యం. ఇండియా, పాకిస్తాన్ 2008 ఒప్పందం ప్రకారం ప్రతి ఏడాది జనవరి 1న, జూలై 1న ఖైదీల లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటాయి, జాలర్ల పేర్లు అందులో విడిగా ఉంటాయి. మీ ఆయన పేరు ఆధార్‌లో, మత్స్యకార కార్డులో, బోటు లిస్టులో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఒక అక్షరం తేడా ఉన్నా మనిషిని గుర్తించడానికి నెలలు పడుతుంది. కార్డు జెరాక్స్, బోటు నంబరు, ఓనరు ఫోన్ నంబరు మీ దగ్గర ఇంట్లో ఉండాలి, బోటు మీద ఉంటే సరిపోదు. లక్ష బోట్లకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం కేంద్రం 2024లో మొదలుపెట్టింది, హద్దు దగ్గరికొస్తే అలర్ట్ ఇస్తుంది, మీ ఆయన ఎక్కే బోటుకి అది ఉందా అని ఎక్కేముందే అడగమనండి. సముద్రంలో ఆపదొస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554, పిల్లాడి చేత ఫోన్‌లో సేవ్ చేయించండి.

ప్రశ్న: జపాన్ వాళ్లు తిమింగలాల్ని వేటాడుతూనే ఉన్నారట, అంతర్జాతీయ కోర్టు ఆపలేదా?
- ఒక టీచర్, గాజువాక

జవాబు: ఆపిందండి, 2014 మార్చిలో. వ్యాపార వేట మీద 1986 నుంచి నిషేధం ఉంటే జపాన్ పరిశోధన పేరుతో అంటార్కిటిక్‌లో వేటాడేది, ఆస్ట్రేలియా కేసు వేసింది, ఇది సైన్సు కోసం చేస్తున్నట్టు లేదు ఆపు అని కోర్టు 12-4తో చెప్పింది. జపాన్ ఆ ప్రోగ్రాం ఆపి ఇంకో పేరుతో మొదలుపెట్టింది, చివరికి 2019లో తిమింగలాల వేటని అదుపు చేసే అంతర్జాతీయ సంస్థ నుంచే బయటికెళ్లిపోయి ఇప్పుడు సొంత జోన్‌లో వేటాడుకుంటోంది. ఒప్పందం నుంచి బయటికెళ్లే తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అంతర్జాతీయ చట్టంలో నాకు నచ్చని చోటు అదే. అయితే అలా బయటికెళ్లాక అంటార్కిటిక్‌కి మాత్రం మళ్లీ వెళ్లలేదు, ఆ మేరకు ఆస్ట్రేలియా గెలిచినట్టే.

ప్రశ్న: తిమింగలం వాంతి దొరికితే కోట్లు వస్తాయంట కదా, మరి అమ్మితే పోలీసులు ఎందుకు పట్టుకుంటున్నారు? ఒడ్డుకి కొట్టుకొచ్చినదానికి తప్పేంటి, దాన్ని మేం చంపలేదు కదా?
- పేరు వద్దన్నారు, లాసన్స్ బే కాలనీ

జవాబు: పేరు ఎందుకు వద్దన్నారో అర్థమైంది. మీ లాజిక్ కొన్ని దేశాల్లో నడుస్తుంది. తిమింగలం సహజంగా బయటికి వదిలిందే కాబట్టి ఒడ్డున దొరికిన అంబర్‌గ్రిస్‌ని (మీరన్న తిమింగలం వాంతి ఇదే) సైటిస్ ఒప్పందం పట్టించుకోదు, బ్రిటన్‌లో అమ్ముకోవచ్చు. కానీ ఆ ఒప్పందమే ఏ దేశమైనా అంతకంటే గట్టి చట్టం పెట్టుకోవచ్చు అంది, మనం పెట్టుకున్నాం. అది వదిలే తిమింగలం స్పెర్మ్ వేల్ మనకి షెడ్యూల్ 1, దాని నుంచి వచ్చింది ఏదైనా దగ్గర పెట్టుకోవడం, అమ్మడం నేరం, 2022 సవరణ తర్వాత మూడు నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ 25,000 రూపాయల జరిమానా. చంపి కోసి తెచ్చిందా ఒడ్డున ఏరుకుందా అని చూసి చెప్పడం కష్టం, అందుకే మొత్తానికి మూసేశారు, నాకైతే సబబుగానే అనిపిస్తుంది. నిజంగా దొరికితే ఇంటికి పట్టుకెళ్లకుండా అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి, మీకేం ఇబ్బంది ఉండదు. ఈలోపు వాట్సాప్‌లో కిలోకి ఎంత అని ఎవరితోనూ బేరం మాత్రం మొదలెట్టకండి, ఆ మెసేజ్‌లే రేపు కేసులో సాక్ష్యం అవుతాయి.